మా వంతు ఎప్పుడండీ?

"ఆడవాళ్ళకి కంప్యూటరు ఆటల మీద ఆసక్తి ఉండదండీ. వాళ్ళ బుర్రలు అటు పోవు."

ఈ మాట దారినపోయే దానయ్య అంటే నేను పట్టించుకునేదాన్ని కాదు. చదువుకున్నవాళ్ళు అంటున్నారు. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసి, రిటైరై, తీరిగ్గా కూర్చుని తమ కుర్రతనపు కంప్యూటర్ల గురించి కథలు కథలుగా చెప్పుకునే పెద్దమనుషులు అంటున్నారు. పైగా మనకేదో ప్రశంసాపత్రం చదువుతున్నట్టు మొహం పెట్టి మరీ అంటారు. "మీకిలాంటి పిచ్చి వ్యాపకాలు ఉండవమ్మా, మీరు బుద్ధిమంతులు" అని తాత్పర్యం.

ఆ బుద్ధిమంతురాలి బిరుదు నాకొద్దు. ఎందుకొద్దో చెప్పాలంటే 1986లో వచ్చిన ఒక గోల్ఫు ఆట సంగతి చెప్పాలి. ఎండలో టోపీ పెట్టుకుని, కర్రల సంచీ ఇంకొకడిచేత మోయించుకుంటూ ఆడే గోల్ఫు కాదు. ఇంట్లో కుర్చీలో కూర్చుని టీవీ తెరమీద ఆడేది. పేరు లీడర్ బోర్డ్. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీలో యాక్సెస్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ తెచ్చింది. రాసినవాళ్ళు బ్రూస్ కార్వర్, రోజర్ కార్వర్. "ఆటని ఆడాలి గానీ రాయడమేమిటే?" అని మా అత్తగారు అప్పట్లో నోరు వెళ్ళబెట్టారు. కంప్యూటరు ఆటని రాస్తారు మరి. ఒక్కొక్క ఆజ్ఞా పేర్చుకుంటూ, కుట్టుపనిలో పోగులు లెక్కపెట్టుకున్నట్టు.

అప్పుడు మేం ఒహాయో రాష్ట్రంలో ఉండేవాళ్ళం. మావారి ఉద్యోగం అక్కడ. మా ఇంటికి వచ్చిన మిషను కొమొడోర్ 64. కంప్యూటరనగానే ఇవాళ్టి పలచటి పలకల్ని ఊహించుకోకండి. టైపు మిషనుకి కాగితం చుట్టే రోలరు పీకేసి, మిగిలినదానికి ఉబ్బెత్తుగా ఓ ప్లాస్టిక్ తొడుగు తొడిగితే ఎలా ఉంటుందో అలా ఉండేది. 1982లో బజార్లోకి వచ్చినప్పుడు ధర 595 డాలర్లు. కంపెనీల మధ్య పోటీలు ముదిరి మరుసటేడు రెండొందల డాలర్లకి దిగింది. దానికోసం వేరే తెర కొనక్కర్లేదు, ఇంట్లో ఉన్న టీవీకి తగిలించుకోవచ్చు. ఈ టీవీ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, తరవాత పనుంది. దాని జ్ఞాపకశక్తి మొత్తం 64 కిలోబైట్లు. ఇవాళ మీరు ఫోనులో మనవడి ఫోటో ఒక్కటి తీస్తే, ఆ ఫోటోకి పట్టే చోటులో అలాంటి మిషన్ల జ్ఞాపకశక్తులు నలభైదాకా ఇరుక్కుంటాయి. అంత చిన్న బుర్రలో పద్దెనిమిది గుంటల గోల్ఫు మైదానాలు నాలుగు పట్టించారంటే, ఆ రాసినవాళ్ళకి చెయ్యెత్తి దండం పెట్టొచ్చు. మగవాళ్ళయినా సరే.

ఆట ఎలా ఉంటుందంటే, తెరమీద నీలంగా నీళ్ళు, నీళ్ళ మధ్య ఆకుపచ్చ దిబ్బలు, దూరాన ఓ చిన్న జెండా. అంతే. మొదటి లీడర్ బోర్డ్‌లో చెట్లు లేవు, ఇసక గుంటలు లేవు. అవి ఆ తరవాత వచ్చినవాటిల్లో చేరాయి. దిబ్బమీంచి దిబ్బమీదికి బంతి వేసుకుంటూ జెండా దగ్గరికి చేరాలి. బంతి పడిన ప్రతిసారీ, ఆ పడినచోటునించి చూస్తే ముందేం కనిపిస్తుందో మిషను మళ్ళీ కొత్తగా గీస్తుంది. మనం చూస్తూండగానే గీస్తుంది, ముందు ముగ్గు పెట్టి తరవాత రంగులు నింపినట్టు. ఆ గీసే లోపల నేను వంటింట్లోకి వెళ్ళి పెనం మీద దోసె తిరగేసి వచ్చేదాన్ని.

కొట్టడం ఒక్క మీటతో. నొక్కిపెట్టి ఉంచితే తెరమీద మనిషి కర్ర వెనక్కి ఎత్తుతాడు. మనిషంటే మగమనిషే లెండి, ఇంకో బొమ్మ లేదు. పక్కనున్న కొలబద్దలో రంగు పైకి పాకుతుంది. ఎంత బలం కావాలో అంతదాకా పాకనిచ్చి, టక్కున వదిలేయాలి. కర్ర కిందికి దిగుతుంటే, సరిగ్గా గీత దగ్గర మళ్ళీ నొక్కాలి. వెంట్రుకవాసి ముందైతే బంతి ఓ పక్కకి వంకరపోతుంది, వెంట్రుకవాసి వెనకైతే ఇంకో పక్కకి. పోయి నీళ్ళల్లో బుడుంగుమంటుంది. ఆడేవాళ్ళలో మూడు తరగతులు. కొత్తవాళ్ళకి రెండో నొక్కుడు బాధా లేదు, గాలీ లేదు. మధ్యరకం వాళ్ళకి నొక్కుడు ఉంది, గాలి లేదు. ఆరితేరినవాళ్ళకి రెండూ ఉన్నాయి. గాలి ఎటు వీస్తోందో, ఎంత వీస్తోందో చూపించడానికి తెర మూల ఓ పుల్ల. సంచీలో కర్రలు 14. ఏ కర్రతో ఎంత దూరం పోతుందో పట్టీ ఒకటి ఆటతోపాటు వచ్చిన చిన్న పుస్తకంలో ఉంటుంది. ఆ పట్టీ నాకు మూడు వారాల్లో కంఠతా వచ్చింది. ఎక్కాలు చదివిన తరం మరి.

ఇప్పుడు నన్నొక మాట అడగనివ్వండి. పాలు పొంగబోయే ముందు, సరిగ్గా ఆ క్షణానికి స్టవ్వు దగ్గరికి చేరేది ఎవరు? ఆవాలు చిటపటలాడి, మాడకముందే కరివేపాకు పడాలని ఎవరి చేతికి తెలుసు? పాకం తీగ వచ్చి ముదరకముందు గిన్నె దింపేది ఎవరు? రంగు పైకి పాకుతుంటే చూసి చూసి సరైన క్షణంలో వేలు వదిలే విద్య, నేను పెళ్ళయిన మొదటి ఏడే నేర్చుకున్నాను. ఇందులో కండబలం అక్కర్లేదు. పరుగు అక్కర్లేదు. కాల్చడాలూ పేల్చడాలూ అసలే లేవు.

ఇక లెక్కల విషయానికొస్తే, ఒక్కో గుంటలో బంతి పడడానికి ఇన్ని దెబ్బలని ముందే నిర్ణయం ఉంటుంది, దాన్ని పార్ అంటారు. పద్దెనిమిది గుంటలకీ కలిపి 72 దెబ్బలని అనుకుంటే, మీరు 70లో ముగించారంటే రెండు మిగిల్చినట్టు. తక్కువ ఖర్చుపెట్టినవాళ్ళే గెలిచే ఆట! ఒకటో తారీకు జీతాన్ని ముప్ఫయ్యో తారీకు దాకా లాక్కొచ్చే ఇల్లాలికా ఈ ఆట మీద ఆసక్తి ఉండదు?

గోల్ఫుకీ ఆడవాళ్ళకీ చుక్కెదురు ఎక్కడ మొదలయిందో తెలుసాండీ? ఆ ఆటకి పుట్టిల్లుగా చెప్పుకునే స్కాట్లండు ఊరు సెయింట్ ఆండ్రూస్‌లో, 1867లో ఆడవాళ్ళకంటూ ఓ క్లబ్బు పెట్టారు. సంతోషం. ఏం ఆడమన్నారు? గుంట దగ్గర నిలబడి బంతిని మెల్లిగా దొర్లించుకోమన్నారు, అంతే. కర్రని భుజం మీదికి ఎత్తి కొట్టడం ఆ రోజుల్లో స్త్రీకి మర్యాద కాదు. భుజం పైకి చెయ్యి లేవకూడదుట! అటకమీంచి ఆవకాయ జాడీ దింపేటప్పుడు, దండెంమీద తడి దుప్పట్లు ఆరేసేటప్పుడు లేచిన భుజాలు ఎవరివో వాళ్ళని అడగాల్సింది.

అదే ఊళ్ళో 1754 నుంచీ ఉన్న రాయల్ అండ్ ఏన్షెంట్ గోల్ఫు క్లబ్బు ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకోవచ్చని ఓటు వేసుకున్నది 2014లో. అమెరికాలో అగస్టా నేషనల్ క్లబ్బు 1933లో తెరిస్తే, మొదటిసారి ఇద్దరు స్త్రీలకి సభ్యత్వం ఇచ్చింది 2012లో. ఆ ఇద్దరిలో ఒకావిడ కాండొలీజా రైస్, అమెరికా విదేశాంగమంత్రిగా చేసినావిడ. అంటే ఆ గుమ్మం దాటాలంటే కనీసం ప్రపంచ రాజకీయాలు చక్కబెట్టి ఉండాలన్నమాట! స్కాట్లండులోనే మ్యూర్‌ఫీల్డ్ మైదానం వాళ్ళు 2016లో ఓటింగు పెడితే కావలసినన్ని ఓట్లు రాలేదు. వద్దన్నవాళ్ళు చెప్పిన కారణాలు చూశారూ, వాటికి ఫ్రేము కట్టించుకోవచ్చు. ఆడవాళ్ళు వస్తే ఆట నెమ్మదిస్తుందిట. మధ్యాహ్నం భోజనాల ఏర్పాట్లు దెబ్బతింటాయిట! మన చేతిలో వంట చెడిందన్న మాట విన్నాను గానీ, మనం సభ్యులమైతేనే భోజనాలు చెడతాయన్న మాట వినడం అదే మొదలు. బ్రిటిష్ ఓపెన్ పోటీలు ఇక మీ దగ్గర జరపం అనేసరికి, 2017లో మళ్ళీ ఓటు వేసుకుని ఒప్పుకున్నారు.

వాళ్ళ క్లబ్బులు, వాళ్ళ భోజనాలు, మనకెందుకు అనకండి. ఇక్కడే ఉంది చిత్రం. 1987లో ఆ యాక్సెస్ కంపెనీయే వరల్డ్ క్లాస్ లీడర్ బోర్డ్ అని ఇంకొకటి తెచ్చింది. అందులో నిజమైన మైదానాలు పెట్టారు, వాటిల్లో సెయింట్ ఆండ్రూస్ ఒకటి. ఆ ఊరి మైదానంలో ఆడవాళ్ళు ఆడుకోవచ్చు, అది ఊరందరిదీ. క్లబ్బు సభ్యత్వం దగ్గరే వచ్చింది చిక్కంతా. సరే, 1987లో ఒహాయోలో, చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని, చేతికి శనగపిండి అంటుకుని ఉండగానే నేను సెయింట్ ఆండ్రూస్‌లో మొదటి దెబ్బ కొట్టాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. క్లబ్బువాళ్ళు తలుపు తీయడానికి ఇంకా 27 ఏళ్ళు ఉంది.

ఆట అడిగేది ఒక్కటే. మొదట ఎంతమంది ఆడతారని అడుగుతుంది. ఒకరి నుంచి నలుగురిదాకా. తరవాత పేర్లు అడుగుతుంది. ఆ నలుగురూ మగవాళ్ళే అయి ఉండాలని కార్వర్లు ఎక్కడా రాయలేదు. ఆ నియమం పెట్టింది మన ఇళ్ళు.

మా ఇంట్లో ఏమైందో చెబుతాను. మిషను వచ్చిన మర్నాడే మావారు చిన్న టీవీ ఒకటి కొనుక్కొచ్చి, రెంటినీ మా అబ్బాయి గదిలో పెట్టించారు. వాడికప్పుడు పదకొండు, అమ్మాయికి తొమ్మిది.

"అక్కడెందుకండీ?" అన్నాను.

"వాడికి పనికొస్తుందోయ్, ముందుముందు అంతా కంప్యూటర్లే" అన్నారు.

"మరి దానికి పనికిరాదా?"

"దానికి ఆసక్తి లేదుగా."

"నిన్న సాయంత్రం వచ్చిన వస్తువు మీద దానికి ఆసక్తి లేదని ఇవాళ పొద్దున్నకి ఎలా తేలిందండీ?"

మావారు మంచివారే. జవాబు లేనప్పుడు పేపరు చదువుకుంటారు. నేను ఆయన ఆఫీసుకి వెళ్ళాక ఆ మిషనుని తీసుకొచ్చి, భోజనాల బల్ల పక్కన పెద్ద టీవీకి తగిలించాను. చెప్పానుగా, ఇంట్లో టీవీకి తగిలించుకునేలాగే దాన్ని చేశారని. ఇంటి నడిమధ్య ఉండాల్సిన వస్తువు అది. చిన్న టీవీని కొట్లో తిరిగిచ్చేసి డబ్బు తెచ్చుకున్నాను. ఫ్రిజ్ తలుపుకి వంతుల కాగితం అంటించాను. సోమవారం అబ్బాయి, మంగళవారం అమ్మాయి, బుధవారం నేను, గురువారం ఆయన. శుక్రవారం నలుగురం కలిసి. ఆరు నెలలు మాతో ఉండడానికి వచ్చిన మా అత్తగారు వంతు అడగలేదు గానీ, వెనక కుర్చీలో కూర్చుని "గాలి ఇటునించి ఉంటే అటు కొడతాడేమిటే వీడు, ఇటు కొట్టమను" అని చెప్పేవారు. అష్టాచెమ్మాలో ఎవరినీ పంట ఎక్కనివ్వని మనిషి ఆవిడ. ఆవిడ మాట విన్నరోజు బంతి నీళ్ళల్లో పడేది కాదు.

అన్ని ఇళ్ళూ అలా లేవు. శనివారాలు మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో భోజనాలు ఉండేవి, తలా ఓ వంటకం పట్టుకెళ్ళి. పైన వంటింట్లో ఆడవాళ్ళం, కింద బేస్‌మెంటులో మగవాళ్ళూ మగపిల్లలూ కంప్యూటరూ. నలుగురు ఆడే ఆట, వారం వారం నలుగురూ కింద ఉన్నవాళ్ళే. ఆడపిల్లలు పకోడీల ప్లేట్లు పట్టుకుని మెట్లు దిగేవాళ్ళు. ప్లేటు బల్లమీద పెట్టి, ఓ నిమిషం నిలబడి తెరవంక చూసిందనుకోండి, "ఏమ్మా, చట్నీ ఉందా పైన?" అని ఓ బాబాయిగారు అడిగేవారు. పాపం ఆయనకి దురుద్దేశం ఏమీ లేదు, చట్నీ కావాలి. పిల్ల మెట్లెక్కి పైకొచ్చేసేది. అలా ఓ వంద శనివారాలు గడిచాక, "మా అమ్మాయికి వీటిమీద ఆసక్తి లేదండీ" అంటే అది ఆ పిల్ల స్వభావమా, చట్నీ గిన్నె మహిమా?

ఈమధ్య ఒకాయన నాతో తన కుర్రతనం చెప్పుకొచ్చారు. తెల్లవార్లూ ఆడేవాళ్ళమండీ, నిద్రాహారాలు ఉండేవి కాదు అన్నారు. నిద్ర లేదంటే నమ్ముతాను గానీ ఆహారం లేదంటే నమ్మను. "మధ్యలో టీ, టిఫిను ఎవరిచ్చేవారండీ?" అన్నాను. "మా చెల్లెలు" అన్నారు. "ఆవిడ ఆడేదా?" అన్నాను. ఆయన నావంక చాలా సేపు చూశారు. ఆ ప్రశ్న ఆయనకి నలభై ఏళ్ళలో తట్టలేదు.

"పోనిద్దురూ, ఓ ఆట ఆడకపోతే ఏం మునిగింది?" అనే చల్లని తల్లులు ఉంటారు. మునిగింది చెబుతాను. కొమొడోర్‌లో ఆట మొదలెట్టాలంటే తెరమీది బొమ్మని తాకితే చాలదు. డిస్కు డ్రైవులో పళ్ళెం పెట్టి, కీబోర్డు మీద లోడ్ అని కొట్టి, కొటేషన్ గుర్తుల మధ్య నక్షత్రం గుర్తు పెట్టి, కామా ఎనిమిది కామా ఒకటి అని కొట్టాలి. ఎనిమిదంటే డిస్కు డ్రైవు నంబరు. ఓ చుక్క తప్పితే మిషను తప్పు తప్పంటుంది. మళ్ళీ కొట్టాలి. పదకొండేళ్ళ పిల్లాడు రోజూ నాలుగుసార్లు ఇది చేస్తే, వాడికి మిషనంటే భయం పోతుంది. తప్పంటే ఏడుపు రాదు, ఇంకోసారి కొడతాడు. ఆ తరవాత ఎనిమిదికి బదులు ఇంకోటి కొడితే ఏమవుతుందో అని చూస్తాడు. అదే ప్రోగ్రామింగుకి ఓనమాలు. ఆట పేరుతో ఇంట్లో జరిగిన అక్షరాభ్యాసం అది. ఒకళ్ళకి పలకా బలపం చేతికిచ్చి, ఇంకొకళ్ళకి చట్నీ గిన్నె ఇచ్చాం.

ఫలితం అంకెల్లో ఉంది. అమెరికాలో కంప్యూటర్ సైన్సు డిగ్రీలు తీసుకునేవాళ్ళలో 1984 ప్రాంతంలో ఆడపిల్లలు నూటికి 37 మంది. అప్పటిదాకా ఏటా పెరుగుతూ వచ్చిన అంకె అది. డాక్టరీలో, లాయరీలో ఆ తరవాతా పెరుగుతూనే పోయింది. కంప్యూటర్లలో మాత్రం కిందికి తిరిగి, 2010 నాటికి నూటికి 18 మంది అయింది. సరిగ్గా ఇళ్ళల్లోకి కంప్యూటరు వచ్చి, ప్రకటనల్లో తెరముందు అబ్బాయి, వెనక మురిసిపోతున్న నాన్న కనిపించిన కాలం. దీనికంతా కారణం ఓ గోల్ఫు ఆటేనని నేను అనడంలేదు, నాకంత మతిపోలేదు. ఆటది తప్పు కాదు. ఆట ఎక్కడ పెట్టారన్నదే నా తగువు.

ఇది నా ఒక్కదాని గొణుగుడు కూడా కాదు. పిట్స్‌బర్గులో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేన్ మార్గోలిస్, ఆలన్ ఫిషర్ అనే ఇద్దరు, 1995 నుంచి కొన్నేళ్ళపాటు కంప్యూటర్ సైన్సు విద్యార్థుల్ని కూర్చోబెట్టి మాట్లాడారు. చాలా ఇళ్ళల్లో కంప్యూటరు కొడుకు గదికి చేరిందనీ, కూతుళ్ళు పక్కనుంచి చూసినవాళ్ళనీ తేలింది. వాళ్ళు రాసిన పుస్తకానికి పెట్టిన పేరు చూడండి, అన్‌లాకింగ్ ది క్లబ్‌హౌస్. క్లబ్బు తాళం తీయడమని! గోల్ఫు క్లబ్బు కాదు, కంప్యూటర్ల క్లబ్బు. ఆ విశ్వవిద్యాలయం వాళ్ళు, ఇంట్లో ముందే ప్రోగ్రామింగు నేర్చుకుని వచ్చినవాళ్ళకే పెద్దపీట వేయడం మానేశారు, కొత్తగా మొదలెట్టేవాళ్ళకి వేరే దారి పెట్టారు. 1995లో కొత్తగా చేరినవాళ్ళలో నూటికి 7 మంది ఉన్న ఆడపిల్లలు 2000లో 42 మంది అయ్యారు. అయిదేళ్ళలో ఆడవాళ్ళ బుర్రలేమీ మారిపోలేదు కదా?

మన దేశం సంగతి ఇంకా తమాషా. ఆ రోజుల్లో మన మధ్యతరగతి ఇళ్ళల్లో కంప్యూటరే లేదు. కొడుక్కీ లేదు, కూతురికీ లేదు. ఇద్దరూ కాలేజీ ల్యాబులో, చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలో వణుకుతూ ఒకేరోజున మొదటిసారి మిషనుని ముట్టుకున్నారు. అందుకే మన ఇంజనీరింగు కాలేజీల్లో కంప్యూటరు క్లాసుల నిండా ఆడపిల్లలు కనిపిస్తారని నా నమ్మకం. లేమి కూడా ఒక్కోసారి మేలు చేస్తుంది. అయితే ఇప్పుడు మన ఇళ్ళల్లోనూ ఒకటికి రెండు మిషన్లున్నాయి. అవి ఏ గదిలో ఉన్నాయో ఓసారి లేచి చూసి రండి, నేనాగుతాను.

ఇక చరిత్ర తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1946లో ప్రపంచానికి చూపించిన ఎనియాక్ అనే మహాకాయపు కంప్యూటరుకి లెక్కలు పురమాయించింది ఆరుగురు ఆడవాళ్ళు. ఇళ్ళల్లో ఆడే వీడియో ఆటల్లో రివర్ రెయిడ్ అని 1982లో వచ్చి తెగ అమ్ముడుపోయింది. దాన్ని రాసింది క్యారల్ షా, ఆడమనిషి. మిస్టరీ హౌస్ అని 1980లో వచ్చిన ఆటకి కథ అల్లింది రాబర్టా విలియమ్స్, ఇద్దరు బిడ్డల తల్లి. "అటు పోవు" అన్న బుర్రలే ఇవన్నీ.

గోల్ఫు డబ్బున్నవాళ్ళ ఆట, దాన్ని నెత్తికెత్తుకోవడమేమిటని అంటారేమో. నిజమే, పద్దెనిమిది గుంటల మైదానం అంటే నూరు, నూటయాభై ఎకరాలు కావాలి, ఆ పచ్చిక తాగే నీళ్ళకి లెక్కలేదు. అందుకే నాకీ ఆట నచ్చింది. ఇందులో ఎకరం భూమి పోలేదు, చుక్క నీరు పోలేదు. నీళ్ళన్నీ తెరమీదే. ఎవరి దయాదాక్షిణ్యాలూ అక్కర్లేకుండా గోల్ఫు గోడ దూకి మన ఇంట్లోకొచ్చింది. తీరా వచ్చాక దానికి మనం ఇంట్లో మళ్ళీ గోడ కట్టాం. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో బెంగుళూరమ్మాయి అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచిన పొద్దున, మన వీధిలో ఎంతమంది ఇల్లాళ్ళు టీవీ ముందు కూర్చున్నారో నాకు తెలుసు. పార్ అంటే ఏమిటో, బర్డీ అంటే ఏమిటో ఆ ఒక్క పొద్దున నేర్చుకున్నారు. ఆసక్తి లేకపోతే పొయ్యిమీద ఇడ్లీ పాత్ర ఎందుకు మాడిందండీ?

అన్నిటికన్నా నాకు ఒళ్ళుమండే వాదన ఇంకోటుంది. "ఆటలు టైము వేస్టు" అని. బాగానే ఉంది, వేస్టే అనుకుందాం. మరి ఆ వేస్టు చేసుకునే హక్కు ఒకరికే ఎలా వచ్చింది? ఆయన రెండు గంటలు ఆడితే అలసట తీర్చుకుంటున్నట్టు. అబ్బాయి ఆడితే కంప్యూటరు నేర్చుకుంటున్నట్టు. నేను అరగంట ఆడితే, "ఏమిటో, తీరుబడి ఎక్కువైంది." ఆడవాళ్ళ తీరుబడిలో ఏదో ఒకటి తయారవ్వాలి, స్వెట్టరో వడియాలో. ఏమీ తయారవ్వని సరదా మనకి నిషిద్ధం. పద్దెనిమిది గుంటలు ఆడి లేచాక నా చేతిలో ఏమీ మిగిలేది కాదు, ఓ అంకె తప్ప. ఆ అంకె నాది. దాన్ని ఎవరికీ వడ్డించక్కర్లేదు.

చెప్పానుగా, మా ఇంట్లో బుధవారం నా వంతు. బుధవారాల్లో భోజనం ఏడున్నరకి బదులు ఎనిమిదిన్నరకి అయ్యేది. కూర ఉండేది కాదు, చారూ అప్పడాలే. ఫిర్యాదులు వచ్చాయి. బల్ల దగ్గర కూర్చుని చెంచాలతో పళ్ళేల మీద వాయించారు కూడా. గాలి ఎదురుగా ఉంది, కాస్త ఆగండి అనేదాన్ని.